బొట్టు పెట్టిన డిస్కులు

పద్మలత షాపులో కంప్యూటర్ చెడిపోలేదట, చెడగొట్టుకున్నదట. ఈ మాట ఎదురింటి టైలర్ యమున కూరగాయల బండి దగ్గర అన్నదట. యమున అన్నది బండాయనతో. బండాయన సొరకాయ తూస్తూ తూస్తూ చిలుకమ్మ చెవిన వేశాడు. చిలుకమ్మ ఆ సొరకాయనూ ఈ మాటనూ ఒక్క సంచిలోనే మోసుకొచ్చి కోడలి ముందు దించింది.

"ఇంకేమన్నదట అత్తమ్మా?" అని అడిగింది పద్మలత, తలెత్తకుండా.

"ఇంకేమంటది! 'మిషన్ ఖరాబైతే హన్మకొండల రిపేరోళ్లే కరువైన్రా? గా పాలంపేట నుంచి ఒక్కడే దిగిరావాల్నా?' అన్నదట." చిలుకమ్మ సొరకాయ మీద బొటనవేలి గోరు గుచ్చి చూసింది. "లేతదే" అన్నది. సొరకాయ గురించే అన్నది.

పద్మలత ముందు టేబుల్ మీద నల్లటి స్క్రీన్, దాని మీద నాలుగు తెల్లటి ఇంగ్లీషు లైన్లు, వాటి కింద మినుకు మినుకుమంటూ ఒక చిన్న గీత. దసరా మర్నాటి నుంచీ అదే బొమ్మ. యమున నోరు ఎంత చెడ్డదైనా ఈసారి గురికి జానెడు దూరంలోకి వచ్చి పడింది. కంప్యూటర్‌ను కావాలని చెడగొట్టలేదు, దేవుడి మీద ఒట్టు. కానీ ఏం చెడిందో తెలిశాక బాగుచేయలేదు. దాన్ని ఏమంటారో యమునకే తెలియాలి.

సుబేదారి సందులో ఆ ఇంటి ముందరి గదే షాపు. పెండ్లి కార్డులు, దశదిన కర్మ కార్డులు, ఫ్లెక్సీల డిజైన్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు. పద్మలత భర్త రామలింగం పెట్టిన షాపు. గుండె ఆగి ఆయన ఉన్నట్టుండి పోయాక, అందరూ ఇక షట్టర్ దించేస్తారనుకున్నారు. దించలేదు. రామలింగం కింద పని నేర్చుకున్న ఓంప్రకాశ్ మరుసటి నెలలోనే వచ్చి షట్టర్ ఎత్తి, ఊడ్చి, "వదినా, ఎనుమాముల మార్కెట్ అడ్తిదారు బిడ్డ పెండ్లి కార్డు సగంలున్నది, పేర్లు జర చదువు" అన్నాడు. ఆమె చదివింది, అతను కొట్టాడు. ఆ తర్వాత ఎన్ని పెండ్లిళ్లు అలా అయ్యాయో! వధువు, వరుడు, తాతల పేర్లు, మేనమామల పేర్లు, ఆఖరున చిన్నపిల్లల పేరు మీద "మా అత్త పెండ్లికి తప్పక రావాలి" అన్న మాట. ఆమె గొంతు, అతని వేళ్లు. ఆ గదిలో వాళ్లిద్దరూ మాట్లాడుకున్నదంతా పక్కవాళ్ల పేర్లే.

రామలింగాన్ని అన్నా అని పిలిచినవాడు కాబట్టి పద్మలతను వదినా అన్నాడు. చిలుకమ్మను పెద్దమ్మా అన్నాడు. చెల్లెండ్ల పెండ్లిళ్లు చేసే తొందరలో తన పెండ్లి సంగతి మరిచిపోయి నలభై దాటించిన మనిషి. పోయినేడు బతుకమ్మ ఆడుతున్నప్పుడు ఎవరో ఒకామె పాట నడుమ వీళ్లిద్దరి మీద ఒక మాట విసిరింది, చప్పట్ల నడుమ నవ్వులు లేచాయి. పద్మలత చెవిన పడ్డది ఓంప్రకాశ్ చెవిన పడకుండా ఉండదు. ఉగాది దాటాక ఒకరోజు అతను, "మా పాలంపేటల షాపు పెట్టుకుంట వదినా. రామప్ప గుడికి జనం మస్తుగ వస్తాన్రు. ఫోటోలకు గిరాకి ఉంటది" అన్నాడు. ఆమె "మంచిదే" అన్నది.

ఆ మంచిదే అన్న మాటను ఆమె అప్పటి నుంచీ నములుతూనే ఉంది. మింగుడు పడదు, ఊసేద్దామంటే వినేవాడు లేడు.

ఇక దసరా సంగతి. ఆయుధపూజ అంటే టైలర్ కత్తెరకు బొట్టు పెడతాడు, డ్రైవర్ లారీకి పెడతాడు. ఈ షాపులో కంప్యూటర్‌కు. మొదటి ఏడు రామలింగం డబ్బా పైన పసుపు రాసి బొట్టు పెట్టి చేతులు జోడిస్తే ఓంప్రకాశ్ ఊరుకోలేదు. "డబ్బా మీద పెడితే లోపలున్నదానికి ఎట్ల ముడుతదే అన్నా? పనంతా చేసేది లోపలిది గద" అన్నాడు. రామలింగం పకపకా నవ్వి స్క్రూడ్రైవర్ చేతికిచ్చాడు. అప్పటి నుంచి ఆ ఇంటి ఆచారం అదే. దసరా రోజు డబ్బా విప్పుతారు. బ్రష్షుతో దుమ్ము దులిపి, రెండు డిస్కులనూ బయటికి తీసి, పీట మీద ఎర్రగుడ్డ పరిచి పక్కపక్కన పెడతారు. వైర్లు తగిలే చోట తడి తగలకుండా, పైరేకు మీద చిటికెడు పసుపు, దాని మీద కుంకుమ. కొబ్బరికాయ కొట్టి మళ్లీ లోపల బిగిస్తారు. ఆ బిగించే పని ఎప్పుడూ ఓంప్రకాశ్‌దే.

ఈ దసరాకు ఓంప్రకాశ్ లేడు. పద్మలతే విప్పింది. ఒకటి రామలింగం కాలపు పాత డిస్కు, కార్డులన్నీ అందులో ఉంటాయి. రెండోది ఓంప్రకాశ్ తెచ్చి బిగించిన కొత్త డిస్కు. గిరాకీల పెన్‌డ్రైవుల నుంచి ఎక్కే వైరస్ బాధ పడలేక, అందులో అతను లినక్స్ అనే సిస్టం ఎక్కించాడు. కంప్యూటర్ లేచేది ఆ కొత్త డిస్కు మీదనుంచే. రెండింటికీ బొట్టు పెట్టి, దండం పెట్టుకునేటప్పుడు ఆమె ఏమి కోరుకున్నదో ఆమెకే తెలుసు. కండ్లు తుడుచుకుని, ఎర్ర వైరు ఒకదానికీ నల్ల వైరు ఒకదానికీ గుచ్చి మూత పెట్టింది.

మర్నాడు మిషన్ లేవలేదు. మెనూ దాకా వచ్చింది, ఎంటర్ కొడితే నల్లబడి ఆగింది. ఆమె మళ్లీ మూత తీసి చూసింది. చూడగానే తెలిసిపోయింది. ఎర్ర వైరు పాత డిస్కుకు ఉండాలి, కొత్తదానికి ఉంది. రెండూ అటుదిటు ఇటుదటు అయ్యాయి. పీకి మార్చి గుచ్చితే అయిపోయేది. చెయ్యి వైరు దాకా పోయింది. పోయి అక్కడే ఆగింది.

ఆగిన చెయ్యి వెనక్కి వచ్చి మూత పెట్టి స్క్రూలు బిగించింది. తర్వాత ఫోన్ అందుకుంది.

"హలో" అన్నాడు అవతల ఓంప్రకాశ్.

"నేను."

దూరాన ట్రాక్టర్ పోతున్న చప్పుడు వచ్చింది.

"చెప్పు వదినా. పెద్దమ్మ మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది. మిషన్ లేస్తలేదు."

"కరెంటు వస్తాందా?"

"వస్తాంది. మెనూ గూడ వస్తాంది. ఆడికెళ్లి నల్లగయి ఆగుతాంది."

"ఏం రాసి ఉన్నది? చదువు."

ఆమె చదివింది. ఒక్కో ఇంగ్లీషు మాటా విడదీసి, పెండ్లి కార్డు మీది పేర్లు చదివినట్టే చదివింది. ఆఖరి లైనులో 'నో ఇనిట్ ఫౌండ్' అని ఉంది.

"అంటే నేను చెప్పిన జాగకే పోయి దేవులాడింది, కానీ ఆడ సిస్టం దొరకలేదు. డిస్కుల నెంబర్లు తారుమారైనయి" అన్నాడు ఓంప్రకాశ్ వెంటనే. "డబ్బా విప్పినవా వదినా?"

"లేదు."

"దసరాకు పూజ చెయ్యలేదా?"

"చేసిన. పైననే బొట్టు పెట్టిన."

"పైననేనా?"

"ఆఁ, పైననే."

ట్రాక్టర్ చప్పుడు ఎక్కడికో వెళ్లిపోయింది. "అయితే ఫోన్ల తెల్వది. వచ్చి చూడాలె" అన్నాడు ఓంప్రకాశ్. "రేపు పొద్దటి బస్సుకు వస్త."

పద్మలత ఫోన్ పెట్టేసింది. అబద్ధం చెప్పడం ఇంత తేలికని ఆమెకు తెలియదు. కార్తీకంలో ముహూర్తాలున్నాయని కార్డుల కోసం వచ్చినవాళ్లను "పాలంపేట నుంచి ఓంప్రకాశ్ వస్తాండు, రేపు రాండ్రి, ఎల్లుండి రాండ్రి" అని తిప్పి పంపింది. వాళ్లు పోతూ పోతూ యమున దగ్గర నిలబడి గొణుక్కున్నారు. యమునకు అంతకంటే ఏం కావాలి? మర్నాటికి అది కూరగాయల బండెక్కింది.

బస్సు దిగి ఓంప్రకాశ్ వచ్చే వేళకు పద్మలత కట్టుకున్న కొత్త చీర విప్పేసి పాతదే కట్టుకుంది. జడ మాత్రం మళ్లీ వేసుకోకుండా ఉండలేకపోయింది. అతను గడపలో చెప్పులు విడిచి, భుజానికున్న సంచి దించి, అందులోంచి సీతాఫలాలు తీసి చిలుకమ్మ ఒళ్లో పెట్టాడు.

"మా చెల్క గట్టువి పెద్దమ్మా. పండుబారినయి, ఇయ్యాలనే తినాలె."

"నువ్వు గూడ పండుబారినవురా కొడుకా! గడ్డం తెల్లగైంది, కట్టెపుల్ల లెక్క అయినవ్. వండిపెట్టేటోళ్లు లేరా ఆడ?"

"నేనే వండుకుంట."

"కనవడుతాంది" అన్నది చిలుకమ్మ, సీతాఫలం రెండు చెక్కలు చేస్తూ.

ఎదురింటి గుమ్మంలోంచి యమున తల బయటికొచ్చింది. "ఏందే ఓంప్రకాశన్నా, మిషన్ డాక్టర్‌వు అయినవట! మా కుట్టు మిషన్‌ను గూడ జర చూసి పో."

"సూది విరిగినదా అక్కా?"

"సూదేం విరగలే."

"అయితే నోరు నడుస్తాంది గద, మిషన్ గూడ నడుస్తది తీ" అన్నాడు. యమున నవ్వింది గానీ తల లోపలికి పోలేదు.

ఓంప్రకాశ్ కింద చాప మీద కూర్చుని డబ్బాను పక్కకు పండబెట్టి స్క్రూలు విప్పాడు. పద్మలత టీ గ్లాసు పట్టుకుని వెనకే నిలబడింది. మూత లేచింది. లోపల దుమ్ము కణం లేదు. రెండు డిస్కుల మీదా పసుపు, పసుపు నడుమ కుంకుమ, ఇంకా తడి ఆరనట్టే ఎర్రగా.

అతను చాలాసేపు చూశాడు. తల తిప్పి ఆమె వైపు చూడలేదు. పైననే బొట్టు పెట్టిన అన్న మనిషిని అడగాల్సింది ఏదీ అడగలేదు. డిస్కును ముట్టిన వేలికి కుంకుమ అంటింది. తుడుచుకోవడానికి గుడ్డ ఎక్కడుందో అతనికి తెలుసు, దానికోసం చెయ్యి చాపలేదు.

"టీ చల్లారుతది" అన్నది పద్మలత.

"ఆఁ" అని గ్లాసు అందుకున్నాడు.

సీతాఫలం గింజలు చిలుకమ్మ అరచేతిలో పడుతున్నాయి. ఓంప్రకాశ్ చెప్పాడు, డబ్బాతో మాట్లాడుతున్నట్టు.

"మిషన్‌కు డిస్కు మొఖం తెల్వది వదినా. ఏ వైరుకు ఏది తగిలి ఉన్నదో గదే చూస్తది. మెనూ ఏమో సున్నా, ఒకటి అని లెక్కవెడతది. లోపటి సిస్టం ఎ, బి అని పిలుస్తది. నేను అప్పుడు తొందరల 'సిస్టం బి మీద ఉన్నది, పోయి లేపు' అని రాసి పెట్టిన. ఇప్పుడు బి జాగల రామలింగమన్న డిస్కు ఉన్నది. మిషన్ పోయి దాన్ని లేపుతాంది. ఆ డిస్కుల కార్డులే ఉన్నయాయె, అది ఏం లేస్తది?"

"వైర్లు మార్చి గుచ్చితే అయిపోతది గద" అన్నది పద్మలత. అన్నాక నాలుక కరుచుకుంది.

ఆమెకు తెలుసన్న సంగతి గదిలో అలా నిలబడింది. ఓంప్రకాశ్ టీ తాగాడు.

"అయిపోతది. కానీ వచ్చే దసరాకు మళ్ల తారుమారైతది."

"అయితే కానీ" అన్నది ఆమె. "అప్పటి సంగతి అప్పుడు చూసుకుందాం."

గుండె అంతా పెట్టి అన్న మాట అది. అతను వైర్లు పీకి మార్చేసి ఊరుకుంటే చాలు. ఏడాదికి ఒక్కసారైనా ఆ గడపలో ఆ చెప్పులు కనిపిస్తాయి. అతను వైర్లనూ చూశాడు, స్క్రీన్‌నూ చూశాడు. పని సగం చేసి లేచే అలవాటు లేని మనిషి.

"లేదు వదినా. మంచిగ చేసి పోతా. నీకు తక్లీఫ్ ఉండొద్దు" అన్నాడు.

వైర్లు మార్చలేదు. లేచి కుర్చీలో కూర్చుని, మెనూలో ఆ లైను తెరిచి బి ఉన్నచోట ఎ కొట్టాడు. మిషన్ లేచింది. కానీ అది ఆ పూటకే. మళ్లీ ఆపితే మళ్లీ పాత మాటే వింటుంది. శాశ్వతంగా కావాలంటే ఎ, బి అన్న లెక్కే తీసేయాలి.

"డిస్కును ఫార్మాట్ కొట్టినప్పుడే దానికి ఒక పొడుగు పేరు పడతది" అని చెప్పాడు. "ఏ వైరుకు తగిలియ్యి, ఆ పేరు మారది. ఆ పేరు రాసి పెడితే మిషన్ నెంబరు చూడది, దాన్నే దేవులాడి పట్టుకుంటది."

ఒక ఆజ్ఞ కొట్టగానే ఆ పేరు స్క్రీన్ మీదికి వచ్చింది. అంకెలూ అక్షరాలూ కలిసి, నడుమ నడుమ చిన్న గీతలతో, ఎవరూ నోటికి నేర్చుకోలేనంత పొడుగు. మౌస్‌తో గీసి అతికిస్తే చిటికెలో అయ్యేది. ఆ సంగతి ఓంప్రకాశ్‌కు తెలుసు, పద్మలతకూ తెలుసు.

"చదువు వదినా, కొడుతా" అన్నాడు.

ఆమె స్టూలు జరుపుకుని పక్కన కూర్చుంది. ఎప్పటి జాగలోనే కూర్చుంది.

"తొమ్మిది. ఎఫ్. మూడు. రెండు."

"రెండు."

"డి. సున్నా. సి, సి."

"రెండు సిలా?"

"రెండు. గీత. ఏడు. ఎ."

"ఎ" అని కొట్టి ఆగాడు. "మళ్ల మొదటికెళ్లి చెప్పు. నడుమ ఒకటి పోయినట్టుంది."

ఒకటీ పోలేదు. కొట్టినదంతా సరిగ్గా ఉండడం ఆమె చూస్తూనే ఉంది. మళ్లీ మొదటి నుంచి చదివింది. గొంతు మెల్లగా చేసి, ఒక్కో అక్షరం అతని వేలు కింద పడేదాకా ఆగి చదివింది. ఆ పేరులో వధువు లేదు, వరుడు లేడు, మేనమామ లేడు. అయినా ఇన్నాళ్లుగా ఇంత ఇష్టంగా ఏదీ చదవలేదనిపించింది. పేరు ఇంకొంచెం పొడుగు ఉంటే బాగుండు. స్క్రీన్ ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఆ కింది లైనూ, దాని కింది లైనూ ఉంటే బాగుండు.

"అయిపోయింది" అన్నది.

"ఇంకోచోట గూడ రాయాలె" అన్నాడు ఓంప్రకాశ్. "మళ్ల చదువు."

చదివింది.

తర్వాత ఆపి మళ్లీ లేపాడు. లేచింది. ఈసారి వైర్లు పీకి, అటుది ఇటు పెట్టి లేపాడు. లేచింది. పాత డిస్కు మొత్తం తీసేసి కూడా లేపి చూశాడు. కార్డులు లేవని ఒక్క గొణుగుడు గొణిగి, ఆలస్యంగానైనా లేచింది. దాన్ని మళ్లీ బిగించాడు. పని కుదిరితే అతని మొహంలో ఎప్పుడూ వచ్చే వెలుగు వచ్చింది.

"ఇగ నువ్వు కండ్లు మూసుకుని గుచ్చు వదినా, ఎట్ల గుచ్చినా లేస్తది. ఎవ్వర్నీ పిలిచే పనే లేదు."

ఆ మాట నోట్లోంచి బయటపడ్డాక అతనికే దాని బరువు తెలిసినట్టుంది. వెలుగు అక్కడే ఆగిపోయింది.

"ఎవ్వర్నీ పిలిచే పని లేదు" అన్నది పద్మలత, లెక్క సరిచూసుకుంటున్నట్టు.

"ఆఁ" అన్నాడు.

"మంచిదే" అనబోయింది. ఈసారి దాన్ని బయటికి రానివ్వలేదు. బల్ల మీద సర్ది ఉన్న కార్డు నమూనాలనే మళ్లీ ఒకదాని మీద ఒకటి సర్దడం మొదలుపెట్టింది. వితంతువు షాపు, మొగుడి తరఫు పాలివాళ్లు, ఎదురింటి గుమ్మం, కొడుకును పోగొట్టుకుని గడప మీద కూర్చున్న అత్త. వీటన్నిటినీ దాటి నోరు తెరవడం ఆమెకు చేతకాలేదు. అతనే తెరిస్తే బాగుండుననుకుంది. అతను ఆమె తెరిస్తే బాగుండుననుకుంటున్నాడేమో, ఎవరికి తెలుసు?

ఎదురింటి నుంచి యమున కేకేసింది. "లేసిందా అన్నా మిషన్?"

"లేసిందక్కా."

"అయ్యో, శాన తొందరగనే లేసిందే!"

ఓంప్రకాశ్ డబ్బా మూత పెట్టి స్క్రూలు బిగించాడు. స్క్రూడ్రైవర్ సంచిలో పెట్టాడు. మళ్లీ తీసి, బిగిసిన స్క్రూనే ఇంకోసారి తిప్పి చూశాడు. కీబోర్డు తిరగేసి తట్టాడు. ప్రింటర్‌లో కాగితం ఉందా అని చూశాడు, ఉంది. కుర్చీ మాత్రం వదలలేదు.

చిలుకమ్మ సీతాఫలం తొక్కలు కొంగులో వేసుకుని, కొడుకు ఫోటో కేసి ఒకసారి, కోడలి వంచిన తల కేసి ఒకసారి చూసింది.

"అయినట్టేనా కొడుకా?"

"అయింది పెద్దమ్మా."

"మళ్ల ఖరాబైతదా?"

"కాదు. పక్కా బందోబస్తు చేసిన."

"బస్సు ఉన్నదా మరి?"

"ఉన్నది. ఇప్పుడే ఉన్నది. గిది తప్పితే మళ్ల పొద్దుమీకి దాకా లేదు." ఓంప్రకాశ్ సంచి ఒళ్లో పెట్టుకుని దాని తాడు ముడి వేశాడు, విప్పాడు, మళ్లీ వేశాడు. "పోవాలె పెద్దమ్మా. మిషన్ బాగైంది. ఇగ ఈడ నాకేం పని?"

చిలుకమ్మ చేతిలో మిగిలిన గింజలను గడప అవతలికి విసిరింది.

"పని లేకపోతే పోరాదా? ఎందుకు కూసున్నవ్?"